ఒకటి తక్కువ

హసావిలో నాలుగో అంతస్తు గది.
గుమ్మం బయట ముప్పై ఒక్క జతల చెప్పులు,
లోపల ఒక్కటే ఏసీ, దాని కింద
శుక్రవారం సెలవు దొరికిన వాళ్ళం.
పాస్టరుగారు మూడు కథలూ చదివారు:
గొర్రె, నాణెం, కొడుకు.
చదివి, కళ్ళద్దాలు తీసి,
"ఇవాళ నేను చెప్పను, మీరు చెప్పండి" అన్నారు.

కాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.

తర్వాత దేవసహాయం లేచాడు.
వఫ్రా అవతల ఎడారిలో గొర్రెలు కాస్తాడు,
మూడు నెలలకోసారి వస్తాడు.
ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన
అతనికంటే ముందు గదిలోకొస్తుంది.
"అయ్యగారూ, ఆ బొమ్మ గీసినోడు
గొర్రెని ఎప్పుడూ మోసుండడండీ.
భుజానేసుకుంటే గుండెల మీద తంతది,
మెడ మీద ఉచ్చ పోస్తది.
పోయిన జనవరిలో నాకొకటి తప్పింది.
రాత్రంతా ఫోను లైటేసుకుని తిరిగాను.
ప్రేమతో కాదండీ, అబద్ధమెందుకు,
జీతంలో డెబ్బై దీనార్లు కోస్తాడు కఫీలు.
తెల్లారగట్ల దొరికింది,
పాత టైరులో కాలు ఇరుక్కుని.
ముందు ఒకటి పీకాను.
తర్వాత దాన్ని పట్టుకుని ఏడ్చాను.
అప్పుడు మాత్రం దీనార్లు గుర్తు లేవు.
తిరిగొచ్చేసరికి మిగతావి గడ్డి నముల్తున్నాయి.
ఒక్కటీ తలెత్తి చూళ్ళేదు."

కూర్చున్నాడు. ఎవరూ ఆమెన్ అనలేదు.

నాది నాణెం కథ.
దీపం పెట్టి, ఇల్లంతా ఊడ్చి
మూలమూలా వెతికిందట ఆవిడ.
సాల్మియాలో తొమ్మిదేళ్ళుగా నేను చేసేదీ అదే,
ఇల్లు నాది కాదు, అంతే తేడా.
ఒకసారి మేడం చెవికమ్మ పోయింది.
ముందు నా పెట్టె వెతికారు.
తర్వాత నా దిండు కుట్లు విప్పారు.
తర్వాత నా జడ.
నాలుగో రోజు నా చీపురుకే తగిలింది,
సోఫా కాలికీ తివాచీకీ మధ్య
దుమ్ములో బుద్ధిగా కూర్చుని.
ఆ సాయంత్రం పక్కిళ్ళ వాళ్ళని పిలిచి
ఖర్జూరాలు, కాఫీ, నవ్వులు.
ఫింజాన్లు నేను కడిగాను.
విప్పిన దిండు నేనే కుట్టుకున్నాను.

గొర్రె అరుస్తుంది. కొడుకు నడిచొస్తాడు.
నాణెం మాత్రం ఏమీ చెయ్యలేదు,
పోయానని కూడా దానికి తెలీదు.
అయినా దాని మీది రాజు ముఖం
సోఫా కింద చీకట్లో కూడా రాజు ముఖమే.
ఇదంతా చెబుదామని లేచాను.
గొంతు పెగల్లేదు.
"చీపురు మంచిదండి" అని మాత్రం అని కూర్చున్నాను.
అందరూ నవ్వారు.

కొడుకు కథ మిగిలింది.
దాన్నెవరూ ముట్టుకోలేదు.
గుమ్మం దగ్గర, చెప్పుల వైపు ఒదిగి
సువార్తమ్మ కూర్చుంది కదా, అందుకు.
ఇస్త్రీపెట్టె చెయ్యి మీద పడ్డ రాత్రి
ఆ ఇంటి గోడ దూకి పద్నాలుగు నెలలు.
కఫీలు కాగితంలో ఆమె పారిపోయిన మనిషి.
మా ప్రార్థన చీటీలో ఆమె తప్పిపోయిన మనిషి.
రాజోలులో కూతురి ఫోనులో 'అమ్మ కువైట్'.
తండ్రి దగ్గరికి తిరిగెళ్ళడానికి
ఆ కథలో కుర్రాడిని
అకామా అడిగినవాడు లేడు.

టీ పోశారు. పాస్టరుగారి భార్య కృపావరమ్మ
కప్పులు పంచింది. ఒకటి మిగిలింది.
చెప్పులు లెక్కపెట్టింది. ఒక జత తక్కువ.

లిఫ్టు పనిచెయ్యదు.
ఒక చేత్తో టీ, ఒక చేత్తో ఫోను లైటు,
నాలుగు అంతస్తులు దిగాను
ఉల్లిపాయల వేపుడు వాసనల్లోంచి,
తాళాలేసిన సైకిళ్ళ పక్కనుంచి.
మెట్ల కింద, నీళ్ళ మోటారు వెనక
చున్నీ తల మీదికి లాక్కుని ఉంది.
వీధి చివర నీలం లైటు తిరుగుతోంది.

"పైకి రా" అనలేదు.
"దొరికావు" అనలేదు,
ఈ ఊళ్ళో ఆ మాట పోలీసులది.
టీ చేతిలో పెట్టాను. పక్కన కూర్చున్నాను.
లైటు ఆర్పేశాను.

పైన మెట్ల మీంచి కృపావరమ్మ గొంతు,
మొదట్నించీ మళ్ళీ లెక్కపెడుతోంది.
ఇప్పుడు ఇద్దరం తక్కువ.